మేమెవరుగారు

సర్కారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆ పెద్దమనిషికి పేకాట లేదు, తాగుడు లేదు, నస్యం కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి నోటి నుంచి "మేము" అన్న మాట ఊడిపడితే చాలు, చేతిలో పని అక్కడ పడేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "మేమంటే ఎవరెవరు? అందులో నేనున్నానా, లేనా?" అని అడిగేవాడు. అడిగి ఊరుకుంటే ఏ బాధా లేకపోను. జవాబు వచ్చేదాకా తాను కదిలేవాడు కాదు, ఎదుటివాణ్ణి కదలనిచ్చేవాడూ కాదు.

ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో పడి ఉంది, పలికేవాళ్ళు లేరు. అందరికీ ఆయన మేమెవరుగారు. ఆ చివరి "గారు" గౌరవం కొద్దీ తగిలించిందా అంటే అదీ కాదు. అది లేకపోతే ఆయన్ని పిలుస్తున్నారో, ఎవరినైనా నిలదీస్తున్నారో తెలియడం లేదని తగిలించారు.

ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "పడుకోండి. మేము పొట్ట చూస్తాం" అన్నాడు.

"మేమంటే?"

"నేనూ, నర్సూ."

"పొట్ట నాదండీ. నన్ను కలుపుకోరూ?"

"మీరు లేకుండా మీ పొట్ట ఎలా చూస్తామండీ?"

"మరి మనం అనండి."

డాక్టరు "మనం చూద్దాం" అనేదాకా ఆయన చొక్కా పైకెత్తలేదు. నొప్పి ఎక్కువైంది గానీ మాట మాత్రం తగ్గలేదు.

ఇంట్లో భార్య ముందు మాత్రం ఈ వేషాలు సాగలేదు. ఒక సాయంత్రం ఆయన ఇంటికి చేరేసరికి ఆవిడ గిన్నెలు కడుగుతూ, "మేం తినేశాం" అంది.

"మేమంటే అందులో నేనున్నానా?"

"మీకు ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే లేరు."

ఆ గడప లోపల మళ్ళీ ఆ ప్రశ్న వినపడలేదు.

ఈయన జబ్బును ఆఫీసులో అందరికంటే ఎక్కువ భరించింది చదువులమ్మ. రెండేళ్ళు బడికి వెళ్ళి, మూడో ఏడు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన మనిషి. అందుకని వెక్కిరింతగా పెట్టిన పేరు అది. ఆవిడ దాన్ని బిరుదులా మోసింది. మొదట బైండింగు గదిలో కాగితాలు మడిచేది. ప్రూఫుల గదిలో పని ఇద్దరిది: ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు చూసుకుంటూ తప్పులు దిద్దాలి. పెద్ద చదువులు చదివినవాళ్ళను ముగ్గురిని వరసగా తిప్పి పంపేసి, మేమెవరుగారు ఈవిణ్ణి పిలిపించాడు.

"చదువుకున్నవాళ్ళు కళ్ళతో కాదు చెల్లెమ్మా, తెలివితో చదువుతారు. సగం మాట చూసి మిగతా సగం ఊహించేస్తారు. నీకు తెలివి అడ్డురాదు."

"అంటే నాకు తెలివి లేదనా అన్నయ్యగారూ?"

"అడ్డురాదంటున్నాను."

ఆ మాట పొగడ్తో తిట్టో తేల్చుకోవడానికి ఆవిడకు ఏడాది పట్టింది. ఈలోగా ఇద్దరికీ కుదిరిపోయింది. వరస కింద వేలు పెట్టి, అక్షరం తరవాత అక్షరం, "కామా" అంటూ, "ఫుల్‌స్టాపు" అంటూ, పేజీ చివర "అయింది" అనేదాకా తల ఎత్తకుండా చదివేది. పక్కన పిడుగు పడితే, దానికీ కామా పెట్టి ముందుకు పోయేది.

సర్కారు కాగితాల్లో "మేము"కు కరువేముంది? ప్రతి నోటీసులోనూ నాలుగు. కనిపించిన ప్రతి దాని చుట్టూ మేమెవరుగారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అంచున "ఎవరు?" అని రాసేవాడు. ఒకసారి అక్షరాలు పేర్చే కంపోజిటరు ఆ "ఎవరు?"ను కూడా దిద్దుబాటే అనుకుని అచ్చులోకి ఎక్కించేశాడు. మర్నాడు ఊళ్ళో గోడలన్నిటి మీదా పెద్ద అక్షరాలతో వెలిసింది: "రెండు రోజులు నీటి సరఫరా ఆపవలెనని మేము ఎవరు? నిర్ణయించాము." జనం గోడల ముందు గుంపులు గుంపులుగా నిలబడి, "పాపం, వాళ్ళకే తెలియడం లేదు" అని నవ్వుకున్నారు. నవ్వు నవ్వే. నీళ్ళు మాత్రం రెండు రోజులని చెప్పి నాలుగు రోజులు రాలేదు.

వాళ్ళ పైఅధికారి ఫోర్‌మన్ మండిపడ్డాడు. "ఈ విషయమై మేము మీ సంజాయిషీ కోరుచున్నాము" అని ఆయనకు కాగితం పంపాడు. మేమెవరుగారు ఆ కాగితంలోని "మేము" చుట్టూ కూడా సున్నా చుట్టి, అంచున "ఎవరు?" అని రాసి, సంతకం చేసి తిప్పి పంపాడు. దాంతో ఆయనకు రావలసిన పెద్ద కుర్చీ రాకుండా పోయింది. ఉన్న కుర్చీ కాలు విరిగితే బాగు చేయించేవాడూ లేకపోయాడు. కాలు కింద పాత నిఘంటువు పెట్టుకుని నెట్టుకొచ్చాడు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్న వేళ చదువులమ్మ విసుగెత్తి అడిగేసింది. "అన్నయ్యగారూ, ఆ మాట మీకేం అపకారం చేసింది? మీ ఆస్తి కాజేసిందా?"

"కాజేసింది" అని ఆయన సొరుగులోంచి లావాటి పుస్తకం తీశాడు. అది రాజ్యాంగం. ఒకప్పుడు ఆ ఆఫీసులోనే అచ్చయింది. "మొదటి పేజీ చదువు."

ఆవిడ చెయ్యి తుడుచుకుని వేలు పెట్టింది. "ప్ర-జ-ల-మై-న మే-ము, కామా..."

"ఆగు. ఎవరు మాట్లాడుతున్నారు?"

"ప్రజలు."

"ఎవరితో?"

చదువులమ్మ ఆలోచించింది. "పక్కన ఇంకెవరున్నారని! సర్కారుతోనే అయ్యుంటుంది."

"అదీ! మనము అనలేదు చూశావా, మేము అన్నారు. అంటే వింటున్నవాడు అందులో లేడు. జనమంతా ఒక పక్క నిలబడి, 'ఇదిగో, నిన్ను పుట్టించింది మేము, ఈ పనులు చెయ్యి, ఈ గీత దాటకు' అని సర్కారుతో చెబుతున్నారు. వెనకున్న నాలుగు వందల పేజీలకూ ప్రాణం ఆ ఒక్క మాటలో ఉంది. అది పీకేస్తే జడ్జీగారి కోటు వట్టి కోటు, పోలీసు టోపీ వట్టి టోపీ. మరిప్పుడు జరుగుతున్నదేమిటి? నీళ్ళు ఆపాలన్నా మేము, ఇల్లు కూలగొట్టాలన్నా మేము. మనం వాళ్ళతో అనాల్సిన మాట వాళ్ళు మనతో అంటున్నారు."

చదువులమ్మ డబ్బా మూత బిగించింది. "అంతా బాగుంది. మన పేరు మీద ఇంత పుస్తకం రాశారు గదా, రాసేటప్పుడు మా అమ్మనడిగారా, మీ అమ్మనడిగారా?"

ఆయన పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు.

"అడగలేదు."

"మరి?"

"అప్పుడు అడగలేదు గనకనే ఇప్పుడు నేను అడుగుతున్నాను, మేమంటే ఎవరెవరని."

ముప్ఫై ఏళ్ళుగా అడిగాడు. అర్జీలు పెట్టాడు, పత్రికలకు రాశాడు, మంత్రి ప్రారంభోత్సవానికి వస్తే సభలో లేచి నిలబడ్డాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. ఒక్క "మేము" కూడా "మనము" కాలేదు. పైగా ఏడాదికేడాది నోటీసులు పొడుగయ్యాయి, వాటిలో మేములు పెరిగాయి. ఎర్ర సిరా సీసా ఆఫీసు ఇవ్వడం మానేస్తే ఆయనే కొనుక్కొచ్చుకున్నాడు. ఇదంతా ఎండిపోయిన బావిలో బకెట్టు వెయ్యడమేనని చదువులమ్మకు తెలుసు. ఆయనకూ తెలుసునేమో.

ఇలా ఉండగా ఓటర్ల జాబితా అచ్చుకు వచ్చింది.

అన్ని పనుల్లోకీ చదువులమ్మకు ఆ పనంటేనే ఇష్టం. ఎందుకంటే ఆవిడ జీవితంలో సంతకం పెట్టమని అడిగిన చోటు పోలింగు గది ఒక్కటే. మిగతా అన్ని చోట్లా ఆవిణ్ణి చూడగానే సిరా అద్దిన గుడ్డ ముందుకు తోసి బొటనవేలు చాపమనేవారు. ఓటు వేసే గదిలో మాత్రం పట్టీ తిప్పి పెట్టి, "సంతకం చెయ్యండమ్మా" అనేవారు. ఆవిడ పెన్ను గట్టిగా పట్టుకుని తీరిగ్గా చేసేది. వెనక ఫోర్‌మన్ నిలబడి ఉన్నా సరే, ఆయన పెళ్ళాం నిలబడి ఉన్నా సరే, ఆఖరి అక్షరం కొమ్ము చివరిదాకా లాగి మరీ పెన్ను వదిలేది. అయిదేళ్ళకోసారి, అరనిమిషం సేపు, ఆవిడ ముందు ఊరంతా వరసలో ఆగేది.

జాబితాకు ముందుమాట ఒకటి పెట్టారు. చదువులమ్మ వేలు పెట్టి చదివింది. "ప్రజలలో ఎవరు ఈ జాబితాలో ఉండవలెనో మేము నిర్ణయించితిమి, ఫుల్‌స్టాపు."

మేమెవరుగారు ఒంటికాలి మీద లేచాడు. "ప్రజలెవరో వీళ్ళు నిర్ణయించారా? వీళ్ళెవరో నిర్ణయించేది ప్రజలు కదా!" అంటూ ఆ కాగితం పట్టుకుని ఫోర్‌మన్ గదిలోకి దూసుకుపోయాడు. అక్కడ అరగంట అరుపులు. ఇక్కడ చదువులమ్మ తల ఎత్తితే గదా! తన వీధి పేజీ మొదలుపెట్టి, పేర్లూ, ఇంటి నంబర్లూ, వయసులూ, కామాలతో సహా ఖాళీ కుర్చీకి చదివి పెట్టింది. ఆయన రొప్పుతూ వచ్చి కూలబడేసరికి ఆవిడ "అయింది" అంది. అయింది కాబోలనుకుని ఆయన అడుగున సంతకం గీశాడు.

ఆ పేజీ పేర్చినవాడు వేరే విభాగం నుంచి కొత్తగా వచ్చిన కంపోజిటరు. అచ్చు అక్షరాలు తిరగేసి ఉంటాయని ఎవరో చెబితే, వయసు అంకెలను కూడా వెనక నుంచి ముందుకు పేర్చాడు.

వారం తరవాత జాబితా గోడ మీద అంటించారు. చూసొచ్చిన కోడలు గుమ్మంలోనే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది.

"అత్తయ్యా! మీకు పదహారేళ్ళంట!"

"నోర్ముయ్. నాకు అరవై ఒకటి."

"అచ్చులో పదహారే ఉంది. మైనరని మీ పేరు కొట్టేశారు. ఇక మీకు సంబంధాలు చూడాలి కాబోలు."

వీధి వీధంతా తిరగబడింది. అరవై ఏళ్ళ రొట్టెల మేస్త్రీకి ఆరేళ్ళు, తొంభై ఏళ్ళ ఆయన తల్లికి తొమ్మిదేళ్ళు. నూలుమిల్లులో పనిచేసే ఆడవాళ్ళలో ముప్ఫై ఒక్కటి వాళ్ళకు పదమూడు, యాభై వాళ్ళకు అయిదు. ఎనభై ఒక్క ఏళ్ళ దర్జీ తాతకు సరిగ్గా పద్ధెనిమిది పడ్డాయి; పేరు మిగిలిందని ఆయన మీసం దువ్వుకుంటూ తిరిగాడు. యాభై రెండు కాస్తా ఇరవై అయిదైన ఒకావిడ అసలు నోరే మెదపలేదు. మొత్తం మీద ఇరవై మూడు పేర్లు ఎగిరిపోయాయి. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లోగా, పనిరోజుల్లో పదీ అయిదూ మధ్య, ఎవరికి వారు స్వయంగా ఎన్నికల ఆఫీసు మూడో కౌంటరుకు వచ్చి చెప్పుకోవాలని కింద రాశారు.

చదువులమ్మ వెళ్ళింది. కౌంటరు గుమస్తా బక్కపలచని మనిషి. ముందు పెట్టుకున్న టీ మీద మీగడ కట్టి ఉంది. జాబితా చూసి, "మీ వయసు పదహారమ్మా" అన్నాడు.

"నా మొహం చూసి చెప్పు నాయనా."

"మొహం చూడమని రూల్లో లేదు. మేము అచ్చు చూస్తాం. పనిచేసే చోట ఇచ్చిన కార్డు నకలు మీద మీ ఆఫీసరు సంతకం చేయించుకురండి, అప్పుడు చూద్దాం."

ఫోర్‌మన్ సంతకం చెయ్యనన్నాడు. చేస్తే అచ్చాఫీసు తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. "అచ్చు మాది, జాబితా వాళ్ళది" అన్నాడు. అక్కడికి వెళితే "జాబితా మాది, అచ్చు వాళ్ళది" అన్నారు. మధ్యలో చదువులమ్మ ఎవరిదీ కాకుండా పోయింది. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ నోరు నొప్పెట్టేలా చదివి అచ్చు వేయించిన మనిషి అచ్చులో లేదు.

ఆ కోపమంతా ప్రూఫుల గదిలో దింపింది. "ముప్ఫై ఏళ్ళుగా ప్రజలు ప్రజలని గొంతు చించుకున్నారే! తీరా ప్రజల్లోంచి నన్ను కొట్టేసింది ఎవరండీ? మీ సంతకం. ఆ దిక్కుమాలిన మేము కోసం పోయి నన్ను గాలికొదిలేశారు."

ఆయన పాత ప్రూఫు తీశాడు. అడుగున తన సంతకం చూసుకున్నాడు. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇరవై ముగ్గురు" అన్నాడు.

ఆవేళ చదివిన కాగితాల్లో పదకొండు మేములు వచ్చాయి. చదువులమ్మ ఒక్కోదాని దగ్గరా ఆగి ఓరకంట చూసింది. కళ్ళజోడు నుదుటి మీదికి పోలేదు. ఎర్ర పెన్ను మూత ఊడలేదు. పన్నెండోది వచ్చినప్పుడు ఆవిడే కావాలని గట్టిగా, "మే-ము" అని సాగదీసింది. ఆయన "ఊఁ, తరవాత" అన్నాడు. ఆ "తరవాత" విని ఆవిడ వేలు వరస తప్పింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూసింది. మూతపడ్డాక ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి అయిదు కొట్టగానే ఆయన చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయేవాడు. మొహం చెల్లక తప్పించుకుంటున్నాడని ఆవిడ అనుకుంది. ఆవిడా పలకరించడం మానేసింది.

పదిహేనో రోజు మధ్యాహ్నం, ఈవిడ నోటికి జడిసి ఫోర్‌మన్ సంతకం పారేశాడు. చదువులమ్మ ఆ కాగితం పట్టుకుని పరుగున వెళ్ళేసరికి మూడో కౌంటరు ముందు కొండచిలువంత వరస. నిలబడగా నిలబడగా నాలుగూ నలభై అయిదుకు ఆవిడకూ కౌంటరుకూ మధ్య ఒక్క మనిషి మిగిలాడు. ఆ వీపు ఆవిడకు తెలుసు. మేమెవరుగారు. ఆయన చేతిలో అభ్యంతరాల పచ్చ ఫారం.

"మీ పేరు జాబితాలో ఉంది కదండీ, మీకేం అభ్యంతరం?" అన్నాడు గుమస్తా.

"నా పేరు మీద లేదు. ముందుమాట మీద ఉంది. 'మేము నిర్ణయించితిమి' అన్నారు. మేమంటే ఎవరెవరు?"

పదిహేను రోజులు బెల్లం కొట్టిన రాయిలా ఉన్న మనిషికి ఇవాళ, ఈ ఆఖరి పావుగంటలో నోరు లేచింది!

"మేమంటే ఆఫీసండీ."

"ఆఫీసులో మీరున్నారా?"

"ఉన్నాను."

"ఈ అటెండరు?"

"ఉన్నాడు."

"ఈ బల్ల?"

"బల్ల ఎందుకుంటుందండీ!"

"మంచిది. మీకు ఓటుందా?"

"ఉంది."

"అయితే మీరు ప్రజలు. ప్రజల్లో నిలబడి ఆఫీసుకు చెప్పారా, ఆఫీసులో నిలబడి ప్రజలకు చెప్పారా? ఏ కాలు ఎటు పెట్టి నిర్ణయించారో రాసివ్వండి."

"అన్నయ్యగారూ, మీ కాళ్ళకు దండం పెడతాను, జరగండి" అని చదువులమ్మ వెనక నుంచి ఏడ్చినంత పని చేసింది. "ఇవాళ దాటితే నేను లేనండీ! మీ మేము తగలెయ్య, రేపు అడుగుదురు గాని!"

"రాజ్యాంగం మొదటి పేజీ తీయండి" అన్నాడాయన గుమస్తాతో, ఈవిడ మాట చెవిన పడనట్టు.

గోడ గడియారం అయిదు కొట్టింది. అటెండరు ఇనుప కొక్కెం తీసుకుని షట్టరు వైపు నడిచాడు. చదువులమ్మ కళ్ళు మూసుకుంది.

"ఏయ్, ఆగు" అన్నాడు గుమస్తా విసుగ్గా. "కౌంటరు ముందు మనిషి మాట్లాడుతుండగా షట్టరు దింపకూడదు. షట్టరు ఎత్తి ఉన్నంతసేపూ లోపలికి వచ్చినవాళ్ళ కాగితాలు తీసుకోవాలి. రూలు చదువుకోలేదూ?" అని మేమెవరుగారి వైపు తిరిగి, "మొదటి పేజీ తీశాను, చెప్పండి" అన్నాడు.

అప్పుడు దూరంగా నూలుమిల్లు కూత వేసింది. మేమెవరుగారి వాదన అప్పటికి 'పుట్టించింది ఎవరు, పుట్టింది ఎవరు' అన్న చోట ఉంది. అయిదూ పదికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. జుట్టు నిండా దూది నూగుతో మిల్లు ఆడవాళ్ళు రొప్పుతూ లోపలికి వచ్చిపడ్డారు. ఆయన జడ్జీ కోటు దాటి పోలీసు టోపీ దాకా వచ్చేసరికి రొట్టెల మేస్త్రీ మోచేతుల దాకా పిండితో వచ్చాడు. తొమ్మిదేళ్ళ తల్లిని తొమ్మిదేళ్ళ పిల్లను ఎత్తుకున్నట్టే చంకనెత్తుకుని తెచ్చాడు. ఆవిడ ఊపిరి తీసుకుని, "నా పెళ్ళప్పుడు కూడా ఇంత హడావిడి లేదురా" అంది.

మేమెవరుగారు గొంతు పెంచుతూనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. పెదవులు కదిలాయి. లెక్క సరిపోయినట్టుంది. మాట మధ్యలో ఠక్కున ఆగి, "మీరు చెప్పింది సబబుగానే ఉంది. నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను" అని పచ్చ ఫారం మడిచి జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు.

చదువులమ్మ నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళలో ఆయన వెనక్కి తీసుకున్న మాట ఆవిడ చూడలేదు.

"చోద్యం చూస్తావేం పిన్నీ, కాగితం ఇయ్యి" అని వెనక నుంచి మిల్లు ఆవిడ పొడిచింది. "మేం పని దిగేదీ అయిదింటికే, వీళ్ళు తలుపులు మూసేదీ అయిదింటికే. ఈ ఆఫీసు లోపల ఏ రంగు వేశారో మాకెప్పుడు తెలిసింది గనక! మీ ఆఫీసాయన సాయంత్రాలు ఇంటింటికీ వచ్చి చెప్పాడు. కూత వినగానే పరుగెత్తుకు రండి, షట్టరు సంగతి నేను చూసుకుంటానని. పోయినేడు ఇంటి పట్టాల కౌంటరు దగ్గరా ఇంతే. గంటా పది నిమిషాలు వాదించాడు, పాపం గొంతు పోయింది."

చదువులమ్మ కాగితం ఇచ్చింది. గుమస్తా బొటనవేలి గుడ్డ తోశాడు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి పెన్ను అందుకుని, వెనక ఇరవై రెండు మంది ఆగి ఉండగా, కొమ్ము చివరిదాకా లాగి సంతకం పెట్టింది.

"పేరు వస్తుందా నాయనా?"

"వస్తుందని రాసివ్వలేనమ్మా. కాగితం తీసుకున్నానని మాత్రం రాసిస్తాను" అని ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

ఇరవై మూడో కాగితం పడేసరికి ఆరు దాటింది. బయట మెట్ల మీద మేమెవరుగారు గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు. చదువులమ్మ పక్కన చతికిలబడింది.

"ఒక్క మాట ముందు చెబితే మీ సొమ్మేం పోయింది? చచ్చి బతికాను."

"చెబితే వెనక నిలబడి అంత బాగా ఏడ్చేదానివా చెల్లెమ్మా? నువ్వు ఏడవబట్టే గొడవ నిజమనిపించింది."

"అయితే ఇన్నేళ్ళ మేము అంతా షట్టరు కోసమేనా?"

"అదేం మాట! ఆ మాట తప్పే. రేపు దిద్దుతాను." కాస్త ఆగి, "ఖాళీ కుర్చీకి మాత్రం చదవకు" అన్నాడు.

"నేను 'అయింది' అన్నానని గుడ్డిగా సంతకం పెట్టకండి" అందావిడ.

గుమస్తా తాళం వేసి, గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. వీళ్ళను దాటి నాలుగు అడుగులు వేశాడు. ఆగాడు. తల తిప్పకుండానే, వీధితో చెబుతున్నట్టు అన్నాడు:

"ఎల్లుండి నుంచి నన్ను నీళ్ళ కనెక్షన్ల కౌంటరుకు వేశారు. అక్కడ నాలుగింటికే షట్టరు దించుతారు. మీరు మూడున్నర దాటాక రండి. మరీ ముందొస్తే నాకు టీ తాగడానికి కుదరడం లేదు."

గుమస్తా మలుపు తిరిగేదాకా చదువులమ్మ చూస్తూ కూర్చుంది. తరవాత మెల్లగా అడిగింది. "నీళ్ళ కౌంటరు దగ్గర నాలుగుకు ముందే మొదలెడితే, మిల్లు వదిలేదాకా గంటకు పైగా లాగాలి. ఏ మాట మీద లాగుతారు అన్నయ్యగారూ?"

మేమెవరుగారి కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది.

"అక్కడ బోర్డు చూసొచ్చాను చెల్లెమ్మా. 'తమరు సహకరించవలెను' అని రాశారు. ఆ తమరెవరో తేలాలంటే నాకు తక్కువలో తక్కువ గంటన్నర పడుతుంది."